రేటు కాదు బాబూ, స్కోపు తగ్గించు

మా టీములో ఒక వాట్సాప్ గ్రూపుంది. పని గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడుకుంటాం అందులో. మొన్న ఒకాయన ఓ బిల్లు ఫోటో పెట్టాడు. (నాకంటే సీనియరు. జీతమెంతో ఇక్కడ రాయను గానీ, జాకెట్టు కోసం బేరమాడాల్సిన పరిస్థితిలో మాత్రం లేడు.) వాళ్లావిడ జాకెట్టుకి మగ్గం వర్కు చేయించారట, పన్నెండు వేలు అయిందట. కింద ఆయన వ్యాఖ్య: "పూసలూ, కుందన్లూ, జరీ దారం అన్నీ కలిపినా రెండు వేలు ఉండవు. మిగతాదంతా దోపిడీ." దానికి బోలెడు నవ్వులు, నాలుగు దండాలు, "మా వీధిలో ఆరు వేలకే చేస్తారు గురూ" అని ఒక ఉచిత సలహా.

ఏడాది కిందటైతే నేనూ ఓ నవ్వు బొమ్మ పడేసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరుకోలేకపోతున్నాను. అందుకే ఈ టపా.

పోయిన మాఘమాసంలో మా చెల్లి పెళ్లయింది. ముహూర్తం చీర మీదకి జాకెట్టు కోసం అమ్మా, చెల్లీ కూకట్‌పల్లిలో ఒక మగ్గం వర్కు షాపుకి వెళ్తుంటే డ్రైవరు ఉద్యోగం నాకు పడింది. చెల్లి ఫోన్లో చూపించిన డిజైను ఏమిటంటే, మోచేతుల దాకా నిండుగా లతలు, మెడ చుట్టూ పూసల వరసలు, వీపు మీద ఇంత నెమలి. షాపావిడది గుంటూరు వైపు. పదకొండు వేలంది. అమ్మ ఏడు వేలంది. ఇద్దరూ అరగంట సేపు ఎవరి మర్యాదలో వాళ్లుండి పోట్లాడుకుని ఎనిమిదిన్నర దగ్గర ఆగారు. అప్పుడు నేను నా ఇంజనీరింగు తెలివితేటలు బయటకి తీశాను.

"ఆంటీ, ఇందులో మెటీరియల్ ఎంతవుతుందండీ?"

"రెండువేల రెండొందలు బాబూ."

"మరి మిగతాది..?"

ఆవిడకి కోపం రాలేదు. "నువ్వేం చేస్తుంటావు నాన్నా?" అంది.

"సాఫ్టువేరండీ."

"అట్టనా. మీ కంపెనీలో మెటీరియల్ ఎంతవుతుంది?"

నా దగ్గర సమాధానం లేదు. ఒక లాప్‌టాపు, కాస్త కరెంటు, మిషను కాఫీ. అంతేగా! క్లయింటు ఎవడైనా "కాఫీ పొడి ఖర్చెంత, మిగతాదంతా దోపిడీ" అంటే మన సేల్సు వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

"మేడ మీదకెళ్లి చూసి రా. ఈలోపు మీ చెల్లికి ఇంకో నాలుగు డిజైన్లు చూపిస్తా" అంది ఆవిడ. వెళ్లాను. పది నిమిషాల్లో దిగుదామనుకున్నవాణ్ణి రెండు గంటలు కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం (అంటే మన మగ మహారాజుల కోసం) కొంచెం చెప్తాను. పేరులో మగ్గం ఉంది కానీ ఇది నేత కాదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డని డప్పులా బిగించి కడతారు, దాన్నే మగ్గం అంటున్నారు. మనిషి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దాని మీదకి వంగుతాడు. పై చేతిలో ఆరీ సూది ఉంటుంది. దాని కొసన కంటికి కనపడనంత కొక్కెం. కింది చేతిలో దారం. సూది గుడ్డలోంచి దిగుతుంది, కింద దారాన్ని పట్టుకుంటుంది, పైకి ఉచ్చులా లాక్కొస్తుంది, మళ్లీ దిగుతుంది. కింద చెయ్యి ఏం చేస్తోందో కళ్లకి కనపడదు, అంతా వేళ్ల అలవాటే. సన్న పూసలైతే సూది మీదకే నాలుగైదు ఎక్కించుకుని, దారాన్ని వాటి మధ్యలోంచి లాగుతారు. దారం మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, వదిలేస్తే పూస వేలాడుతుంది.

ఇక జర్దోసి. సన్నటి లోహపు తీగని స్ప్రింగులా చుట్టి అమ్ముతారు. దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ గొట్టం పూసలాగా కుట్టాలి. నేను చూస్తున్నతను ఆకు నింపుతున్నాడు. ఆకు మధ్యలో వెడల్పు, చివర్లో సన్నం కాబట్టి ఏ రెండు ముక్కల కొలతా ఒకటి కాదు. స్కేలు లేదు, గుర్తులు లేవు, కంటితోనే కత్తిరిస్తున్నాడు. "ముక్క పొడుగైతే ఉబ్బుతుంది, పొట్టిదైతే కింద గుడ్డ కనపడుతుంది" అన్నాడు హిందీలో. వేలి గోరంత ఆకుకి పద్దెనిమిది ముక్కలు లెక్కపెట్టాను. జాకెట్టు మీద ఆకులెన్నో లెక్కపెట్టే ధైర్యం చెయ్యలేదు.

అతనిది బెంగాల్, హౌరా జిల్లా. వయసు అడిగితే ఇరవై ఎనిమిదన్నాడు. నాదీ అంతే. నేను ఎంసెట్ కోచింగులో కూర్చున్న వయసుకి అతనికి మగ్గం ముందు కూర్చోవడం మొదలుపెట్టి మూడేళ్లయిపోయింది. పక్కన పనిచేస్తున్న పెద్దాయన కళ్లజోడు సర్దుకుంటూ, నలభై దాటితే ఈ పనికి కళ్లు చాలవన్నాడు. నడుము సంగతి అడగొద్దన్నాడు. మన ఆఫీసుల్లో కుర్చీ వంకర టింకరగా ఉంటే టికెట్టు రెయిజ్ చేస్తాం కదా, అది గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

ఇప్పుడు "పూసలు రెండు వేలు ఉండవు" అన్న మాటకొద్దాం. ఆ మాట నిజమే! గొడవంతా అక్కడే ఉంది. జర్దోసి అన్న మాట పారశీకం నుంచి వచ్చింది, జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. అసలైన జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. దాని తర్వాతది రాగి తీగ మీద పూత పూసినది. అన్నిటికంటే చవకది లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ పొరని సన్నటి పట్టీలుగా కోసి చేసేది. ఇవాళ మన జాకెట్ల మీద మెరిసేదాంట్లో ఎక్కువ భాగం ఈ చివరి రకమే. కుందన్ అని మనం అంటున్నదీ గాజో ప్లాస్టికో. అంటే జాకెట్టులో బంగారం లేదు, వెండి లేదు, రాళ్లు లేవు. ఉన్నవాటిలో ఖరీదైనది ఒక్కటే, ఆ మనిషి గంటలు. మనమేమో అదొక్కటీ వదిలేసి మిగతా వాటికి లెక్క కడుతున్నాం.

ఈ గంటలు లెక్కపెట్టడం అనేది తెలియని విద్యేం కాదు. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి వేసుకున్న వస్త్రం మీద బంగారు దారపు పని చేసింది లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్. పన్నెండు మంది కుట్టుపనివాళ్లు, పద్దెనిమిది రకాల బంగారు దారాలు, 3,500 గంటలు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ 3,500 అన్న అంకెని గొప్పగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ వస్త్రానికి విలువ ఆ గంటల్లో ఉందని వాళ్లకి తెలుసు. ఇక మన ఆరీ కుట్టు సంగతి చెప్పాలంటే, అది 18వ శతాబ్దంలో ఇక్కణ్ణుంచే యూరప్ వెళ్లింది. అక్కడ దాన్ని తాంబూర్ అన్నారు, చట్రం డోలులా ఉంటుందని. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లూనెవిల్‌లో ఆ కొక్కెంతోనే పూసలూ చమ్కీలూ కుట్టడం మొదలెట్టారు. ఇప్పుడు పారిస్ ఫ్యాషను కంపెనీలు ఆ పని మళ్లీ మన ముంబయిలో చేయించుకుంటున్నాయి. 2023 మార్చిలో డియోర్ వాళ్లు ఏకంగా గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరే షో పెట్టారు, ఎంబ్రాయిడరీ అంతా ముంబయి చాణక్య సంస్థతో కలిసి చేసింది. లక్నో జర్దోజీకి 2013లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఈ కూకట్‌పల్లి మేడ మీద కూర్చున్నవాడి గంటలు మాత్రం ఏ బిల్లులోనూ కనపడవు.

సరే, కనపడేలా చేద్దాం. కిందకి దిగాక ఆంటీ తన పుస్తకం తీసి చూపించింది. (ఇది ఒక్క షాపు లెక్క మాత్రమే, అందరిదీ ఇలాగే ఉంటుందని నేననను.) చెల్లి జాకెట్టుకి ఇద్దరు మనుషులు, నాలుగు రోజులు, రోజుకి తొమ్మిది గంటలు. మొత్తం 72 గంటలు. పదకొండు వేలలో మెటీరియల్‌కి 2,200. ట్రేసింగు, లైనింగు, టైలరు కలిపి 1,300. అద్దె, కరెంటు, ఆవిడ లాభం కలిపి 2,700. మిగిలిన 4,800 పనివాళ్లకి. 72తో భాగిస్తే గంటకి 66 రూపాయల చిల్లర.

ఇప్పుడు మా అమ్మ గెలిచిన రెండున్నర వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పూసల షాపువాడు తగ్గించడు. టైలరు తగ్గించడు. ఇంటి ఓనరు అసలే తగ్గించడు. "నా దాంట్లోంచి సగం, వాళ్ల దాంట్లోంచి సగం" అంది ఆవిడ. అంటే పనివాళ్ల వాటా 3,550, గంటకి 49. అరగంట బేరంలో మేము సాధించిన ఘనవిజయం ఏమిటయ్యా అంటే, మేడ మీద నా వయసువాడి గంటకి 17 రూపాయలు కోసెయ్యడం. నేను శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపుతాను. బిల్డు అయ్యేదాకా టీ తాగిన పావుగంట కూడా అందులో పడుతుంది. మ్యూట్‌లో పెట్టుకుని నిద్రపోయిన మీటింగూ పడుతుంది :)

పోనీ, కోసినందుకు మనకేమైనా లాభమా అంటే అదీ లేదు. గొలుసు కుట్టుకి ఒక గుణం ఉంది. చివర సరిగ్గా ముడి వేసి కట్టకపోతే, ఆ కొస ఎక్కడో తట్టుకుని లాగినప్పుడు వరసంతా సర్రున ఊడొస్తుంది. ఆ ముడి వెయ్యడానికి టైము పడుతుంది. ఎవరికీ కనపడదు కూడా. గంటకి 49కి దిగిన మనిషి ఏం చేస్తాడు? కుట్టు పొడుగు పెంచుతాడు, పూసకీ పూసకీ మధ్య ఖాళీ వదుల్తాడు, ముడి దగ్గర తొందరపడతాడు. అది అతని మోసం కాదు, ఆ డబ్బులకి వచ్చేది అంతే. డెడ్‌లైను ముందుకి జరిపితే టెస్టింగు ఎత్తేసేది మనం కాదూ? తర్వాత పెళ్లిలో కుర్చీకి చెయ్యి తగిలి పూసలు జలజలా రాలితే "ఆ షాపు మంచిది కాదు" అంటాం. ప్రొడక్షనులో బగ్గొస్తే డెవలపర్ని తిట్టినట్టు.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. గ్రూపులో ఒకసారి వాదించి చూశాను కాబట్టి వరసగా చెప్తాను.

"ఇష్టమైతే చేస్తారు, లేకపోతే మానేస్తారు. అంతా మార్కెట్." ఇదే మాట హైకు లెటరు వచ్చిన రోజు మేనేజరు మనతో అన్నప్పుడు ఏమనుకున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మార్కెట్ అనాలంటే కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియాలి. ఇక్కడ మనం కొంటున్నది గంటలు, బేరమాడుతున్నది పూసల ధర చూసి.

"ఎక్కువిచ్చినా షాపువాళ్లే మింగేస్తారు." కొన్నిచోట్ల నిజమే, కాదనను. కానీ ఈ వాదనలో ఒక తమాషా ఉంది. ఎక్కువిస్తే పనివాడికి చేరదు అనే మనకి, తగ్గిస్తే మాత్రం ముందు పనివాడి వాటాయే తెగుతుందని తట్టదు. మింగేస్తారని అనుమానముంటే "ఎంతమంది, ఎన్ని రోజులు" అని అడగండి. చెప్పే షాపు చెప్తుంది. చెప్పని షాపు సంగతి మీకే అర్థమవుతుంది.

"కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చేసింది, అదే లుక్కు నాలుగో వంతు రేటుకి వస్తుంది." హాయిగా వేయించుకోండి. నేను మిషన్లకి వ్యతిరేకిని కాను, నా తిండి వాటిమీదే. కానీ దాన్ని దాని పేరుతో పిలవండి. గుడ్డ తిరగేసి చూస్తే తెలిసిపోతుంది, మిషను కుట్టులో వెనక బాబిను దారం వేరుగా కనపడుతుంది. మిషను రేటు చూపించి చేతిపని అడగడం మాత్రం అన్యాయం. ఓపెన్ సోర్సులో ఫ్రీగా దొరుకుతుంది కదా, నువ్వూ ఫ్రీగా రాసివ్వు అన్నట్టుంటుంది.

"మా పక్కింటావిడ ఇంట్లోనే చేస్తుంది, సగం రేటుకే." అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఆవిడ అద్దె కట్టడం లేదు కాబట్టి కొంత తక్కువ కావడం న్యాయమే. కానీ మనం తగ్గించమనేది అద్దె చూసి కాదు, "ఖాళీగా ఉన్నావు కదా, ఏదో కాలక్షేపం" అనుకుని. ఇది మనకి కొత్త కాదు. పశ్చిమ గోదావరి నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లోనే పుస్తకం రాసింది. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్లని గృహిణులే అన్నారు తప్ప కార్మికులు అనలేదు, వాళ్ల పనిని తీరిక వేళ వ్యాపకం అన్నారు, కూలీ కూడా అలాగే ఇచ్చారు. నలభై ఏళ్లు దాటాయి. లేసు పోయి మగ్గం వచ్చింది. యూట్యూబులో నేర్చుకుని, వంటా పిల్లలూ అయ్యాక అర్ధరాత్రి దాకా ట్యూబులైటు కింద పూసలు కుట్టే మన పక్కింటావిడకి మనమూ అదే మాట చెబుతున్నాం. శని ఆదివారాలు ఫ్రీలాన్సు చేసే మనవాడు మాత్రం రేటు రెట్టింపు అడుగుతాడు, ఎందుకంటే అది అతని తీరిక సమయం!

ఇక అమెరికా మిత్రులు. వీడియో కాల్లో డిజైను చూపించి సీమంతానికి జాకెట్టు ఆర్డరిస్తారు. రెస్టారెంటులో ప్లేటు తెచ్చి పెట్టినందుకు బిల్లు మీద ఇరవై శాతం టిప్పు కిక్కురుమనకుండా పెడతారు. ఇక్కడ ఐదొందల దగ్గర గంటసేపు చాటింగు. మీరు చెడ్డవాళ్లని కాదు, అక్కడ ఆ లెక్క అందరూ ఒప్పుకున్నది కాబట్టి పెడుతున్నారు. ఇక్కడా ఒప్పుకోండి అంటున్నాను, అంతే.

అయితే అడిగినంతా ఇచ్చెయ్యాలా? అక్కర్లేదు. బడ్జెట్ అనేది అందరికీ ఉంటుంది. ఈ విద్య మనకి పుట్టుకతో వచ్చినట్టే కదా. క్లయింటు దగ్గర డబ్బుల్లేకపోతే మనమేం చేస్తాం? జీతాలు కొయ్యం. ఫీచర్లు తీసేస్తాం. రేటు జోలికి పోకుండా స్కోపు తగ్గిస్తాం. మగ్గం షాపులోనూ అదే చెయ్యొచ్చు. చేతుల మీద నిండు పని బదులు అంచు, మధ్యలో బుట్టాలు. జర్దోసి నింపిన ఆకుల్లో సగం ఉత్త దారంతో. మూడు వరసల పూసల బదులు ఒకటి, కానీ ముడులు గట్టిగా ఉన్నది. ట్రేసింగు అయ్యాక మెడ మార్చమంటే అది చేంజ్ రిక్వెస్టు, దానికి డబ్బులివ్వాలి. పెళ్లి ఆరు నెలల ముందే కుదిరినా వారం ముందు వెళ్లి "రేపటికి కావాలి" అంటే ఎవరో రాత్రి మేలుకుంటారు, దానికీ డబ్బులివ్వాలి. తీసుకునే రోజే బాకీ మొత్తం కట్టాలి. ముప్ఫై రోజుల క్రెడిటు వాళ్లకి కుదరదు.

మా చెల్లి జాకెట్టు కథ అలాగే ముగిసింది. ఎనిమిదిన్నర దాటి పెట్టలేనని అమ్మ పట్టు. "అయితే నెమలి తీసేద్దాం" అంది ఆంటీ. ఇద్దరికీ ఒక రోజు పని తగ్గింది, 54 గంటలు. మెటీరియల్ 1,700కి దిగింది, ఆవిడ వాటా 1,900కి. పనివాళ్లకి 3,600, గంటకి మళ్లీ అదే 66. ఇదేదో మహా న్యాయం జరిగిపోయిందని నేననను, 66 కూడా తక్కువే. కనీసం మేము దాన్ని 49 చెయ్యలేదు. చెల్లి మాత్రం నెమలి పోయిందని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పెళ్లినాడు ముస్తాబు చేసేటప్పుడు చూస్తే, మెడ దగ్గర్నుంచి నడుము కింద దాకా ఇంత లావు పూలజడ వేశారు. నెమలి ఉన్నా దేవుడికి తప్ప ఎవరికీ కనపడేది కాదు :)

గ్రూపులో ఆ బిల్లు ఫోటో ఇంకా అలాగే ఉంది. ఆ సీనియరు గారికి ఇంత పొడుగు టపా చదివే తీరిక ఉండకపోవచ్చు. అందుకని ఆంటీ నన్నడిగిన ప్రశ్నొక్కటే అక్కడ పెట్టొచ్చాను. "సార్, మన కంపెనీలో మెటీరియల్ ఎంతవుతుంది?"

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.